ఊరి పేరు లేని తొంభై సెకన్లు

2016 ఫిబ్రవరిలో నన్ను అడిలైడ్ సిటీ నుంచి మాసన్ లేక్స్ క్యాంపస్‌కు బదిలీ చేశారు. హోదా మారలేదు. యూనివర్సిటీలో కెరీర్స్ అడ్వైజర్‌ని, ఆరో లెవెల్. గుమాస్తాల కన్నా పైన, మేనేజర్ల కన్నా కింద, చీవాట్లు మాత్రం రెండు వైపుల నుంచీ. చదువు ముగియవస్తున్న విద్యార్థుల్ని ఉద్యోగాల ఇంటర్వ్యూలకు తయారు చేయడం నా పని. ఆ క్యాంపస్‌లో ఇంజనీరింగు, కంప్యూటర్ చదువులు ఎక్కువ కాబట్టి మనవాళ్ళూ ఎక్కువే.

మా ఉద్యోగంలో రెండు నిషేధాలుండేవి. మొదటిది, వీసా గురించి సలహా చెప్పకూడదు. ఈ దేశంలో అది లైసెన్సు ఉన్న ఏజెంట్ల పని. రెండోది, ఇంటర్వ్యూ బోర్డు అడగకూడనివి మేమూ అడగకూడదు. అంటే వయసు, పెళ్ళి, మతం, తల్లిదండ్రులు, పుట్టిన చోటు. దీనికితోడు ఆఫీసులో అందరికీ అర్థమయ్యే ఇంగ్లీషే మాట్లాడాలని పద్ధతి. ఇద్దరు తెలుగువాళ్ళు ఎదురుపడితే నోట్లోంచి ముందు వచ్చే మాట ‘మీదే ఊరు?’ అని. సర్వీసంతా ఆ మాట మింగుతూనే గడిపాను.

మన పిల్లల్ని ‘నీ గురించి చెప్పు’ అంటే చాలు, వెన్ను నిటారుగా పెట్టి ‘మైసెల్ఫ్ ఫలానా’ అని మొదలుపెడతారు. ఊరు, జిల్లా, నాన్నగారి పేరు, ఆయన చేసే పని, అమ్మ హౌస్‌వైఫ్, తమ్ముడు బీటెక్. అక్కడి కాలేజీల్లో నూరిపోసిన వరస అది. ఇక్కడి బోర్డుకు అదంతా అనవసరం. మొదటి తొంభై సెకన్లలో ఇప్పుడేం చేస్తున్నావు, ఇంతకు ముందేం చేశావు, మా దగ్గర ఏం చేయగలవు అన్నవే కావాలి. కాబట్టి నా పనిలో సగం కత్తిరింపే. మధిర, పలాస, గిద్దలూరు, రాజాం నా గదిలో ఒక్కసారి వినబడి, రెండో వారానికి మాయమయ్యేవి. ఆ ఒక్కసారి మాత్రం నేను మధ్యలో ఆపేదాన్ని కాదు. అంచనా వేయడం కోసమని రాసుకుంటూ కూర్చునేదాన్ని. నిజం చెప్పాలంటే, వినాలనిపించేది.

ఆ మార్చిలో హెప్సిబా అనే అమ్మాయి వచ్చింది. మెకానికల్‌లో మాస్టర్స్, ఆఖరి సెమిస్టరు. తరగతులు జరిగే రోజుల్లో స్టూడెంట్ వీసా మీద పక్షానికి నలభై గంటలే పని చేయనిస్తారు. ఆ గంటలన్నీ ఆమె బాదం పప్పులు ప్యాక్ చేసే షెడ్డులో వాడేస్తోంది, ఆదివారాలతో సహా. ఇంజనీరు ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతూనే ఉంది. చాలా కంపెనీలు పర్మనెంట్ రెసిడెంట్లే కావాలని ప్రకటనలోనే రాసేస్తాయి. క్యాంపస్ పక్కన టెక్నాలజీ పార్కులో సాగునీటి పంపులు తయారు చేసే ఒక చిన్న కంపెనీ మాత్రం అలా రాయలేదు. ఉన్నది ఒక్కటే పోస్టు.

“ఇది కూడా పోతే నేను ఆ షెడ్డులోనే సెటిలైపోతా మేడం. కోర్సు అయ్యాక ఇంకో రెండేళ్ళు వర్క్ వీసా ఇస్తారు, అది కూడా బాదం పప్పుల్లోనే అయిపోద్ది. ఆ తర్వాత నన్ను ఇంజనీర్ అని ఎవరనుకుంటారు?” అంది, నా ఇంగ్లీషు ప్రశ్నకు తెలుగులో. నేను ఇంగ్లీషులోనే ధైర్యం చెప్పాను.

మొదటి చిక్కు దరఖాస్తులోనే వచ్చింది. ‘పరిమితులు లేకుండా పని చేసే హక్కు ఉందా?’ అన్నచోట ‘లేదు’ అని పెట్టబోయింది. ఆ రోజుకు అది నిజమే. కానీ అలా పెడితే కంప్యూటరే పక్కన పడేస్తుంది, మనిషి కంటికి చేరదు. వీసా సంగతి నేను మాట్లాడకూడదు. అందుకని, ఏ తేదీ నాటికి అని అడుగుతున్నారో ఆ కంపెనీకే ఫోన్ చేసి కనుక్కోమన్నాను. జూలైలో చేరేనాటికి అన్నారట. అప్పటికి కోర్సు అయిపోతుంది, గంటల లెక్కా ఉండదు. ఆ సంగతి ఇమిగ్రేషన్ వాళ్ళ వెబ్‌సైటులో చదివి రూఢి చేసుకుని, ‘ఉంది’ అని పెట్టింది. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది.

ఇక మాక్ ఇంటర్వ్యూ. అంటే నేనే బోర్డునై కూర్చుని ప్రశ్నలు వేసే రిహార్సలు.

“మైసెల్ఫ్ హెప్సిబా. ఐ యామ్ ఫ్రమ్ ఓడరేవు, నియర్ చీరాల. మై ఫాదర్ ఈజ్ రిపేరింగ్ బోట్ ఇంజిన్స్...”

నా పెన్ను ఆగింది. నాది చీరాల పక్కనే ఉన్న పేరాల. నాన్న చీరాల పొగాకు కంపెనీలో గుమాస్తా. చర్చి అయ్యాక ఆదివారాల్లో మమ్మల్ని ఓడరేవు తీసుకెళ్ళేవాడు. దారిపొడవునా జీడిమామిడి తోటలు, తర్వాత సరుగుడు తోపులు, ఇంకాస్త ముందుకు పోతే ఎండు చేపల వాసన, బోటు ఇంజన్ల టకటక. అడిలైడ్‌లోనూ సముద్రం ఉంది, శుభ్రంగా ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఒడ్డున నడుస్తున్నా ఏ వాసనా లేని ఆ గాలి నాకు సరిపడలేదు. ఈ అమ్మాయిని అడగాలనుకున్నవి ఒకటా రెండా! మీ నాన్న షెడ్డు ఎటువైపు? ఆ సరుగుడు చెట్లు ఇంకా ఉన్నాయా? అడిగితే పనైనట్టే, ఇక ఆ పూట ఇద్దరమూ ఏడుస్తూ కూర్చునేవాళ్ళం. ఇంటర్వ్యూ పది రోజుల్లో ఉంది.

“గుడ్. నౌ, లెట్స్ కట్ ఇట్ డౌన్,” అన్నాను.

ఊరు పోయింది. అమ్మ, తమ్ముడు పోయారు. నాన్న దగ్గరికి వచ్చేసరికి హెప్సిబా మొండికేసింది.

“నాన్న లేకుండా ఎట్టా చెప్తాను మేడం? స్పానర్ పట్టుకోడం నేర్పిందే ఆయన. నేను చేశా, నేను చేశా అంటే నాకే సిగ్గుగా ఉంటది.”

బోర్డు ఉద్యోగం ఇచ్చేది మీ నాన్నకు కాదు, నీకు. నీ చేతులు ఏం చేశాయో చెప్పు, అన్నాను. ఆలోచించి చెప్పుకొచ్చింది. పదిహేనో ఏట నుంచి సెలవుల్లో నాన్న షెడ్డులో ఇంజన్లు విప్పిందట, ఉప్పు నీటికి తినేసిన పంపు భాగాలు మార్చిందట. ఆ షెడ్డు మొత్తం ‘హ్యాండ్సాన్ ఎక్స్‌పీరియన్స్ విత్ డీజిల్ ఇంజిన్స్ అండ్ పంప్స్’ అనే ఒక్క వాక్యం కిందికి వచ్చింది. మంచి వాక్యం. వృత్తిపరంగా ఇప్పటికీ దాన్ని చూసి గర్వపడతాను. బోర్డులో ఎవరైనా మాటవరసకు ఏ ఊరని అడిగితే చెప్పడానికి కూడా ఒక మాట ఇచ్చాను, ‘ఎ కోస్టల్ టౌన్ ఇన్ సౌత్ ఇండియా’ అని. ఈ దేశంలో నేను చెప్పుకునే ఊరు కూడా అదే.

ఇంటర్వ్యూ అయిన మర్నాటి సాయంత్రం ఫోన్ చేసింది. బోర్డువాళ్ళు ఉప్పు నీటి పంపుల గురించే ఎక్కువసేపు అడిగారట. ఉద్యోగం ఇచ్చారు. సంతోషంగా ఫైలు మూసేశాను. మా పద్ధతి ప్రకారం ఆ తర్వాత విద్యార్థితో మాకు సంబంధం ఉండదు. ఇక ఓడరేవు మాట చెప్పేవాళ్ళు లేరని ఆ రాత్రి భోజనం సయించలేదు. అదెంత పిచ్చో నాకూ తెలుసు.

ఆగస్టులో ఒక ఆదివారం ఆమె మా తెలుగు ఆరాధనకు వచ్చింది. ఇక్కడివాళ్ళ చర్చి హాలును మధ్యాహ్నం పూట అద్దెకు తీసుకుని జరుపుకునేవాళ్ళం. బాదం షెడ్డు పని మానేశాక ఆమెకు ఆదివారాలు ఖాళీ అయ్యాయి. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, కొత్తగా వచ్చినవారు లేచి పేరు, ఊరు చెప్పండి అన్నారు. నేను ముందుకు వంగి కూర్చున్నాను.

“హాయ్ ఎవ్రీవన్, ఐ యామ్ హెప్స్. ఐ యామ్ ఎ మెకానికల్ ఇంజనీర్ విత్ హ్యాండ్సాన్ ఎక్స్‌పీరియన్స్...”

ఎక్కడా తడబడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

టీ దగ్గర నన్ను చూసి పరుగున వచ్చి చేతులు పట్టుకుంది. అది ఆఫీసు కాదు, ఫైలూ మూసేశాను. తెలిసిన సంగతే అయినా తెలుగులో అడిగాను.

“మీదే ఊరమ్మా?”

పరీక్ష పెడుతున్నాననుకుంది కాబోలు, చటుక్కున “ఎ కోస్టల్ టౌన్ ఇన్ సౌత్ ఇండియా” అని నవ్వి, “కరెక్టే కదా మేడం?” అంది.

“నాది పేరాల,” అన్నాను.

నవ్వు ఆగిపోయింది. “పేరాలా? మా చీరాల పక్కన పేరాలా?” చేతిలో టీ కప్పు బల్ల మీద పెట్టేసింది. “అదేంటి ఆంటీ! అన్ని రోజులు మీ ఎదురుగా కూర్చుని ఓడరేవు, ఓడరేవు అని చెప్తే రాసుకున్నారేగానీ ఒక్క మాటన్నా అన్లేదే! ఇక్కడ మావూరు తెలిసినవాళ్ళు ఒక్కళ్ళన్నా లేరని మీ రూమ్‌లోంచి బయటికొచ్చి ఎంత ఏడ్చేదాన్నో తెలుసా?”

ఆ సరుగుడు చెట్లు ఇంకా ఉన్నాయా అని అడిగాను. ఇక ఆమె ఆగలేదు. సరుగుడు తోపులు చాలావరకు కొట్టేశారట, రిసార్టులు వచ్చాయట. నాన్న షెడ్డు మాత్రం అక్కడే ఉందట. హాలు తాళం వేసేవాళ్ళు వచ్చి గుర్తు చేసేదాకా చెబుతూనే ఉంది.

ఆ సోమవారం ఆఫీసుకు వెళ్ళి మా నిబంధనలు మళ్ళీ చదివాను. విద్యార్థిని పుట్టిన చోటు అడగకూడదని ఉంది. అడ్వైజర్ తన ఊరు చెప్పకూడదని ఎక్కడా లేదు. అది నేనే చేర్చుకున్న నిబంధన. రిటైరయ్యే దాకా ఊరూ, నాన్నా లేని ఆ తొంభై సెకన్లనే నేర్పాను, ఎందుకంటే ఉద్యోగాలు తెచ్చేవి అవే. కాకపోతే ఆ తర్వాత వచ్చిన ప్రతి తెలుగు విద్యార్థికీ మొదటి రోజే, తలుపు వేసి, తెలుగులో నా ఊరు చెప్పాకే పని మొదలుపెట్టాను.