నేను తుడిచేసిన వంటగది

నా చిన్నప్పుడు అమెరికాలో మేమున్న ఆష్‌బర్న్‌లో ఈ డేటా సెంటర్లు ఎక్కడివి? అన్నీ పొలాలే. మా నాన్నగారు డాక్టరు. మా పక్కన ఒక ముసలాయన ఒంటరిగా ఉండేవాడు, మేం అంకుల్ అనేవాళ్లం. ఆయన ఇల్లు ఇంగ్లండ్ నుంచి వచ్చిన పూర్వీకులు తమ ఊరి పద్ధతిలో కట్టుకున్నది. ఇనుప మేకు ఒక్కటీ లేదు. ఓక్ స్తంభాల్లో దూలాలు దూర్చి, కొయ్య చీలలతో బిగించి, మధ్య ఖాళీల్లో బద్దలు అల్లి మట్టి మెత్తారు.

ఆ ఇంటి మీదుగా రోడ్డు వేస్తామన్నారు. ఆయన ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. చివరికి ఇల్లు విప్పి తమ్ముడి పొలంలో మళ్లీ నిలబెడదామనుకున్నాడు. చీలలు ఊడదీసి, ఏ దూలం ఏ స్తంభంలోదో తెలిసేలా రెండింటి మీదా సుద్దతో ఒకే గుర్తు వేశాడు. ఆఖరున విప్పింది వంటగది, వాళ్లమ్మ రోజంతా గడిపిన గది. వాన వస్తుందని ఆ కర్రలు మా గరాజ్‌లో పెట్టాడు.

మా అమ్మ రోజూ పొద్దున్నే నిన్నటి సుద్దముగ్గు కడిగేసి కొత్తది పెట్టేది. పాత ముగ్గు ఉంచడమంటే మా ఇంట్లో బద్ధకం కిందే లెక్క. ఎనిమిదేళ్లదాన్ని, సుద్ద గురించి నాకు తెలిసింది అంతే. అంకుల్‌కి సాయం చేద్దామని తడిగుడ్డతో ఆ కర్రలన్నీ శుభ్రంగా తుడిచేశాను. పైగా గొప్పగా ఆయన్ని పిలుచుకొచ్చాను కూడా!

"అయ్యో, ఎంత పని చేశావే!" అని అమ్మ తల పట్టుకుంది. ఆయన మాత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక దూలం చివర ఉలితో చెక్కిన మూడు గీతలు నా వేలితో తడిమించాడు.

"ఇది ఇల్లు కట్టిన వడ్రంగి పెట్టిన గుర్తు. దీన్ని నువ్వు తుడవలేవులే," అని ఇంగ్లీషులో చెప్పి నవ్వాడు.

దూలం మీదా స్తంభం మీదా అలా ఒకే గీతలున్న జతలు నాలుగే దొరికాయి. మిగతా చివర్లు పుచ్చి, గీతలు పోయాయి. చేత్తో చెక్కిన కర్రలు, ఒకదాని కోసం తొలిచిన రంధ్రంలో మరొకటి పట్టదు. రెండు రోజులు నాన్నగారూ అంకులూ మార్చి మార్చి దూర్చి చూశారు. నేను మూల నిలబడి ఏడవడం తప్ప ఏం చెయ్యగలను? సోమవారం విప్పిన ఇంటిని తీసుకెళ్లే ట్రక్కు వచ్చేసింది.

ఇల్లు తమ్ముడి పొలంలో లేచింది, వంటగది లేకుండా. వెళ్లేముందు ఆయన నా చేతిలో ఒక కొయ్య చీల పెట్టాడు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఎవరింట్లో సాయం చేసినా, టేబుల్ తుడవాలన్నా, "ఇది తుడవచ్చా?" అని అడుగుతాను. మా మనవరాలు పడీపడీ నవ్వుతుంది. నవ్వనీ. అడగాల్సిన రోజున నేను అడగలేదు.