మూడో పిలుపు దాకా

మా మేడ మీద గదిలోకి ఎవరొచ్చినా ముందు తుమ్ముతారు. గోడల నిండా ఖాళీ మిరపకాయల గోతాలు మేకులు కొట్టి వేలాడదీశాను. కింద నాపరాళ్ళు, పైన సిమెంటు స్లాబు. వట్టి గదిలో సినిమా పెడితే ప్రతి మాటకీ గోడలు ఎదురు చెప్పేవి. గోతాలు కట్టాక నోరు మూసుకున్నాయి. ఎన్నిసార్లు దులిపినా ఆ ఘాటు మాత్రం పోలేదు. పోకపోతే పోయె, నేనేమన్నా పేరంటానికి పిలిచానా ఎవరినైనా? నరసరావుపేట బజార్లో పొద్దస్తమానం చీరలు విప్పి, మడతపెట్టి, బేరాలతో బుర్ర వాచి ఇల్లు చేరే మనిషిని. నాకు ఆ గదీ, చుట్టూ ఐదు స్పీకర్లూ, నాతో మాట్లాడేవాళ్ళు లేకపోవడమూ చాలు.

ఎదురింటి పిన్ని మెట్లెక్కి వచ్చి, ఆమె కూడా తుమ్మింది. పిన్ని అంటే చుట్టం కాదు, వీధి వరస. ఆమె భర్తను బాబాయ్ అనేవాణ్ణి. రొంపిచెర్ల దగ్గర పొలం చేసుకుంటూ, పిల్లల చదువుల కోసం పేటలో ఇల్లు కట్టుకున్నారు. బాబాయ్ పోయిన వానాకాలం చనిపోయాడు.

“ఒరేయ్ అబ్బాయ్, నీకాడ వెనకమాల నుంచి మాటలొచ్చే మిషన్ ఉందంట గదా” అంది.

“ఉంది పిన్నీ. ఏంది సంగతి?”

కాసేపు కొంగుతో ముక్కు తుడుచుకుంది. “మీ బాబాయ్ గొంతు మర్చిపోతన్నా రా. దగ్గు గుర్తుంది. చెప్పులు ఈడ్చుకుంటా నడిచే చప్పుడు గుర్తుంది. గొంతు మాత్రం ఎంత తలుచుకున్నా రావట్లా. మనిషి పోయింది ఒకెత్తు, ఇది ఇంకోటి.”

బాబాయ్‌కి గొంతులో జబ్బు చేసి ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. అప్పటికింకా ఇంటికొక బటన్ల ఫోను. పెద్ద ఫోన్లు వచ్చి ప్రతివాడూ ప్రతిదీ రికార్డు చేసుకునే నాటికి ఆయన దగ్గర మాట లేదు. ఆమెను పిలవాలంటే చప్పట్లు కొట్టేవాడు. మా మేడ మీదికి వినపడేవి ఆ చప్పట్లు.

ఆయన గొంతు ఒక్కచోటే మిగిలింది, ఒక సినిమాలో. ఆపరేషన్‌కి ముందు మాచర్ల వైపు ఎవరో సినిమా తీశారు. జాతర సీనుకు ఇక్కడి మనుషుల అరుపులే కావాలని కొందరిని వ్యానెక్కించి హైదరాబాదు తీసుకెళ్ళి, ఏసీ గదిలో నిలబెట్టి అరిపించారు. జాతరలో మీ మనిషి తప్పిపోతే ఎట్లా పిలుస్తారో అట్లా పిలవండి అన్నారట. బాబాయ్ ఇంట్లో పిలిచినట్టే పిలిచొచ్చాడు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. సినిమా వచ్చాక ఇద్దరూ పేటలో హాలుకెళ్ళారు. జాతర నడుస్తుండగా పిన్ని వెనక నుంచి, “ఏమే, యాడున్నావే?” అని వినపడింది. పక్కనే కూర్చున్న మొగుణ్ణి మర్చిపోయి ఆమె గబుక్కున వెనక్కి తిరిగి, “ఆ, ఈడున్నా” అని పలికింది. హాలంతా గొల్లుమంది. ఆ సీను అయిపోయేదాకా జనం నవ్వుతూనే ఉన్నారట. అందరికంటే ఎక్కువ నవ్వింది బాబాయే.

“టీవీలో ఆ సినిమా వచ్చినప్పుడల్లా కూర్చుంటా. గోలే గానీ ఆయన లేడు” అంది.

టీవీలో ఎట్లా ఉంటాడు? హాల్లో వెనక గోడ నుంచి వచ్చే శబ్దాన్ని కూడా తెచ్చి ముందున్న రెండు స్పీకర్లలో కుక్కుతారు. డప్పుల కింద ఆయన నలిగిపోయి ఉంటాడు.

ఆ సినిమా బ్లూ-రే డిస్క్ కోసం నేను తిరగని చోటు లేదు. చివరికి విజయపురి సౌత్‌లో ఇరిగేషన్‌లో చేసి రిటైరైన ఒకాయన దగ్గర దొరికింది. ఆయనా నాలాంటి పిచ్చివాడే. అమ్మనన్నాడు, విని తెచ్చివ్వమన్నాడు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

తీరా పెడితే నా ఆంప్లిఫయర్ సుయ్యిమని బుస కొట్టింది. అది పాత కాలపుది. డిస్క్‌లో ఉన్నది దాని తర్వాత వచ్చిన కొత్తరకం సరౌండ్, అంటే చుట్టూ స్పీకర్లలో పంచి వినిపించే శబ్దం. కంప్యూటర్ ఆ మొత్తాన్నీ పంపిస్తే దానికి తలా తోకా తెలియలేదు. విసుగొచ్చి, కంప్యూటర్లో ఏదో నొక్కి మామూలు రెండు స్పీకర్ల శబ్దంగా మార్చేశాను. పిన్నిని పిలిచి వినిపించాను. ఆమె చెవి ఒగ్గి జాతరంతా విని, “ఈడ కూడా లేడులే” అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడం చూసి నా మీద నాకే ఒళ్ళు మండింది. పని ఎగ్గొడితే ఫలితం అట్లాగే ఏడుస్తుంది.

అప్పుడు కూర్చుని సంగతేమిటో చదివాను. ఆ కొత్త రకం శబ్దం లోపల పాత మిషన్ల కోసం పాత రకం సరౌండ్ ఒకటి చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని కోర్ అంటారు. నాణ్యత పెంచే మిగతా సరుకంతా దాని చుట్టూ ఉంటుంది. వేరుశనక్కాయ ఒలిచినట్టు పైది తీసేస్తే కోర్ బయటపడుతుంది. మళ్ళీ కలపడం, మార్చడం ఏమీ ఉండదు. లేనిదాన్ని పుట్టించే పని కాదది, ఉన్నదాన్ని విడిగా తీసే పని. ఈ ముక్క నాకు నేను తర్వాత చాలాసార్లు చెప్పుకోవలసి వచ్చింది.

కోర్ తీశాను. ఆంప్లిఫయర్ దాన్ని గుర్తుపట్టి చిన్న ఆకుపచ్చ లైటు వెలిగించింది. బాబాయ్ వెనక ఉంటాడు కదా అని ముందు మూడు స్పీకర్లూ ఆపేశాను. తెర కూడా ఆపేసి, వెనక రెండే పెట్టి కూర్చున్నాను.

అట్లా ఎవరూ వినకండి. బొమ్మ లేదు, హీరో మాటలు లేవు, పాట లేదు. సినిమాకి వెనక ఉండే మనుషులు మాత్రమే ఉన్నారు. నా వీపు వెనక ఎవరో కాళ్ళ పట్టీలతో నడిచిపోయారు. ఎవరిదో పసిబిడ్డ ఏడ్చి ఊరుకుంది. ఒక ముసలాయన గొంతు సవరించుకున్నాడు. మేకల గంటలు దూరంగా పోయాయి. మనుషులు కనిపించని జాతర ఒకటి గోతాల అవతల జరుగుతోంది. వాళ్ళలో ఎందరు బతికున్నారో అని ఒక పాడు ఆలోచన వచ్చింది. సరిగ్గా అప్పుడే, ఎడమ భుజం వెనక నుంచి, “ఏమే, యాడున్నావే?”

చటుక్కున అంతా ఆపేశాను. పగలు, బయట ఎండ మండిపోతోంది, అయినా వెనక్కి తిరిగి చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆ నిశ్శబ్దంలో ఎదురింటి నుంచి చప్పట్లు వినిపించాయి.

నా ప్రాణం పోయినంత పనైంది. కిటికీకున్న గోతం కాస్త తొలగించి చూస్తే, పిన్ని డాబా మీద వడియాలు పెట్టి కాకుల్ని తోలుతోంది.

కింద మా అమ్మకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆమె కూరగాయల కత్తిపీట పక్కకి జరిపి, “చచ్చిన మనిషి చేత పిలిపిస్తావంట్రా ఆమెని?” అంది.

“రికార్డింగ్ అమ్మా. ఎప్పుడో అరిచింది.”

“నీ రికార్డింగు సంగతి నాకెందుకు. ఆమె పలుకుద్ది. హాల్లో పలికింది, ఈడ పలకదా? మనిషి కనపడకుండా పిలిస్తే మూడో పిలుపు దాకా పలకకూడదు. మనిషైతే మూడోసారి కూడా పిలుస్తాడు. మనిషి కానిదైతే రెండుతో ఆగుద్ది. రెండుకే పలికితే ఎంటబెట్టుకుని పోద్ది.”

“సినిమాలో ఆయన పిలిచేది ఒక్కసారేనే.”

“మరైతే అసలు పలకొద్దు.”

వాదించి లాభం లేదు. దీపాలు పెట్టే వేళ వద్దంది, మిట్టమధ్యాహ్నమూ వద్దంది. పొద్దున టిఫిన్లు అయ్యాక, పక్కన తనుంటేనే అని చివరికి ఒప్పుకుంది. నేను నవ్వాననుకునేరు. ఆ పిలుపు విన్నప్పటి నుంచి ఆ గది తలుపు దగ్గరగా వేసి దిగుతున్నవాణ్ణి, ఏ మొహంతో నవ్వను?

మర్నాడు పిన్ని తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, పక్కనే కూర్చుని మూడో పిలుపు సంగతంతా చెప్పింది. “పలకమాక. నోరు మెదిపావంటే నీకూ నాకూ మాటల్లేవు” అని గట్టిగా చెప్పింది. పిన్ని తలూపింది. ఈసారి అన్ని స్పీకర్లూ పెట్టాను. తెర మీద జాతర మొదలైంది.

డప్పులు. జనం. పసిబిడ్డ ఏడ్చి ఊరుకుంది. ఎడమ వెనక నుంచి, “ఏమే, యాడున్నావే?”

పిన్ని ఒళ్ళంతా కదిలింది. పెదవులు విచ్చుకున్నాయి. అమ్మ ఆమె చెయ్యి పిసికింది. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ నీళ్ళు కారుస్తూ అట్లాగే కూర్చుంది. అదే ఆయన గొంతు, ఆమె మొహం చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక అయిపోయింది, ఆపేద్దామని నేను చెయ్యి చాపాను.

“ఏమే.”

ఈసారి కుడి వైపు నుంచి, ఇంకా దగ్గరగా. నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇది పిన్ని ఎప్పుడూ చెప్పలేదు. ఆమెకూ తెలియదని ఆమె కళ్ళే చెబుతున్నాయి. హాల్లో మొదటి పిలుపుకే పలికింది, ఆ తర్వాతంతా జనం నవ్వులు. నేను నిన్న ఆపేసి పారిపోయాను. ఆయన తర్వాత ఏమన్నాడో ఇన్నేళ్ళుగా మాకెవరికీ తెలియదు. అమ్మ వేళ్ళు తెల్లబడేలా పిన్ని చెయ్యి పట్టుకుంది. రెండుతో ఆగుద్ది అని అమ్మ చెప్పిన మాట ముగ్గురం తలుచుకుంటున్నాం. డప్పులు ఎడతెగకుండా మోగాయి. మేకల గంటలు మళ్ళీ ఒకసారి మోగి పోయాయి. ఎంతకీ ఏమీ రాలేదు.

అప్పుడు, కాస్త దూరం నుంచి, అలిసిపోయిన గొంతుతో వచ్చింది.

“ఏమే, నేను ముందు పోతన్నా. నువ్వు నిదానంగా రా.”

తర్వాత మళ్ళీ జనం గోల. మా అమ్మ చాలాసేపు పట్టుకున్న ఊపిరి వదిలింది. పిన్ని చెయ్యి వదిలేసి, నేనెప్పుడూ వినని మెత్తటి గొంతుతో, “మూడోది వచ్చింది. మనిషేనే. ఇంక పలుకు” అంది.

పిన్ని నోట్లోంచి కొంగు తీసింది. హాల్లోలా గబుక్కున తిరగలేదు. నెమ్మదిగా మెడ తిప్పి, గోతాలు వేలాడే ఆ మూల వైపు చూసింది.

“ఆ, నిదానంగానే వస్తాలే” అంది.