నేను లీల చెల్లె సంచి మోసిన పొద్దు

దేశం ఆ కొస నుంచి ఈ కొసకు పరుగున పోతున్న ఒక ఆడమనిషి నలభై రోజుల కష్టాన్ని ఒక్క పొద్దులో మట్టిపాలు చేయబోయిన ఘనుణ్ని నేను. పగతో చేశానా అంటే కాదు, ప్రేమతో చేశాను. పగవాడైతే దూరంగా ఉండేవాడు, ఆమె క్షేమంగా పోయేది. ఇది చదివాక మీరు నన్ను తిట్టాలనుకుంటే తిట్టండి. మా ఆవిడ సుజాత తిట్టగా ఇంకేమైనా కొత్తవి మిగిలి ఉంటే నాకూ వినాలనే ఉంది.

నా పేరు సదానందం. వర్ధన్నపేటలో కిరాణా దుకాణం. నాలుగేళ్ల కిందటి మాట. కన్యాకుమారి నుంచి కశ్మీరుకు ఒక్కతే పరిగెడుతున్న లీల అనే పీటీ టీచరమ్మ ఖమ్మం రోడ్డు మీదుగా వస్తోందని, ఆ పూటకు ఎవరైనా ఇంట్లో చోటివ్వాలని మా ఊరి వాట్సాప్ గ్రూపులో కబురొచ్చింది. నిమిషంలో పదిమంది ‘మా ఇంటికి’, ‘మా ఇంటికి’ అని మెసేజీలు కొట్టారు. మాటల్తో పని కాదని నేను సాయంత్రం నాలుగింటికే పోయి ఊరి మొదట్లో రోడ్డు మీద నిలబడ్డాను. ఆమె కనిపించగానే ఆర్టీసీ బస్సును ఆపినట్టు రెండు చేతులూ చాపి ఆపాను.

“చెల్లె, మనిల్లు గిటు.”

ఆమె హోసూరు దగ్గరి మనిషి. తెలుగు బాగానే వచ్చు. నలభై ఏళ్లుంటాయి, ఎండకు మాడి నల్లబడి ఉంది.

“నీ ఎంబడి కారేది చెల్లె?”

“కారు లేదన్నా.”

“మరి సామాను?”

“ఈ సంచే.”

“బావ?”

“ఇంట్లో ఉన్నాడు. పిల్లల్ని చూసుకుంటున్నాడు.”

హన్మకొండకు పెళ్లికి పోవాలంటే మా ఇంట్లో మూడు సూట్‌కేసులు లేస్తాయి. కశ్మీరుకు ఈమె ఒక బడిపిల్ల సంచితో పోతోంది!

ఇంటికొచ్చాక నడుముకున్న పట్టీ చూపించింది. దానికి అగ్గిపెట్టెంత నల్ల డబ్బా ఉంది. “నేనెక్కడున్నానో ఇది చూపిస్తుందన్నా. హైదరాబాదులో ఒక సార్ ఫోన్లో చూస్తూనే ఉంటారు. ఎక్కడైనా బండెక్కానని అనుమానం వచ్చిందంటే మొదటి నుంచీ పరిగెత్తిందంతా కొట్టేస్తారు.”

“కొట్టేస్తే ఏమాయె? నువ్వు ఉరికినవని మాకెర్కనే గదా.”

“మీకు తెలిస్తే చాలదన్నా. మా బడిలో పన్నెండుమంది ఆడపిల్లలు ఆటల్లో బంగారాలు. పోటీలకు పంపమంటే ఇండ్లలో ఒప్పుకోరు. ఆడది ఒక్కతే అంతదూరం పోయి వస్తుందా అంటారు. నేను పోయి వస్తే పంపుతామని వాళ్ల అమ్మలు మాటిచ్చినారు.”

సుజాత కళ్లు తుడుచుకుంది. నాకూ గుండె బరువెక్కింది. ఆ క్షణంలోనే నిర్ణయించుకున్నాను, ఈమెకు మర్యాదలో ఏ లోటూ రానివ్వకూడదని. కొంప మునిగింది అక్కడే.

తెల్లారింది. ఆమె బూట్లు కట్టుకుని బయల్దేరబోతుంటే సుజాత గడపకు అడ్డం నిలబడింది.

“వదినె, ఆడిబిడ్డవు. ఒడిబియ్యం పొయ్యకుంట ఎట్ల పంపిస్త?”

తెలియని వాళ్లకు చెబుతాను. మా దగ్గర పెళ్లయిన ఆడపడుచు అన్నదమ్ముల ఇంటి నుంచి పోయేటప్పుడు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, రవికగుడ్డ ఆమె ఒడిలో పోస్తాం. గుప్పెడు పోసి దండం పెట్టడం కాదు. ఐదు కిలోలు. పైగా ఆ బియ్యం దారిలో ఎవరికీ ఇచ్చేయకూడదు, తన ఇంటికి తీసుకుపోయి వండుకోవాలి. ఈమె ఇంటికి పోవాలంటే ముందు కశ్మీరు చూడాలి.

“వదినా, నేను పరిగెత్తాల. ఇంత బరువు ఎట్ల మోసేది?”

“కాదనొద్దు. మాకు మంచిది కాదు.”

ఆమె బియ్యం వంక చూసి, “నాకు అన్నదమ్ములు లేరు వదినా. ఇంతవరకూ ఎవరూ పొయ్యలేదు” అని పీట మీద కూర్చుంది. పరుగుబట్టల మీదే సుజాత చీర చుట్టించింది. చీరకు అడ్డం వస్తోందని లీల నడుంపట్టీ విప్పి నా చేతికిచ్చి, “అన్నా, ఇది జాగ్రత్త” అంది.

జాగ్రత్త అంటే నేనేం చేయాలి, మీరే చెప్పండి. ఆమె సంచి జిప్పు తీసి, అన్నిటికన్నా అడుగున బట్టల మధ్య భద్రంగా పెట్టాను. ఆ తర్వాత దాని మీద ఐదు కిలోల ఒడిబియ్యం మూట ఎక్కింది. సంచి నీళ్లు తాగిన బర్రెపిల్లలా ఉబ్బింది.

“చుట్టం భుజానికి సంచేసి సాగనంపితే ఊళ్లె నా ఇజ్జత్ ఏమైతది? నేను బండి మీద హన్మకొండకు తెస్త. నువ్వు జర ఉత్తచేతుల ఉరుకు చెల్లె,” అన్నాను.

అప్పటికే వాడకట్టు ఆడవాళ్లందరూ వచ్చి బొట్లు పెట్టేవాళ్లు, ఫొటోలు దిగేవాళ్లు, హారతి పట్టేవాళ్లు. ఆ సందట్లో ఆమె మా ఇద్దరి నంబర్లు ఎక్కించుకున్న ఫోను చేతికి కట్టుకుని, చీర విప్పి సుజాతకు ఇచ్చి, కన్నీళ్లతో నవ్వుతూ పరుగందుకుంది. పట్టీ సంగతి ఆమెకూ గుర్తులేదు, నాకూ గుర్తులేదు.

అరగంట తర్వాత నేను బైకు మీద బయల్దేరాను. అరవైలో పోనిచ్చాను. ఊరు దాటి రెండు కిలోమీటర్లకు ఎడమపక్క మట్టిదారి ఉంటుంది, లోపల నర్సయ్య కల్లు మండువ. బండి దానంతటదే తిరిగింది. అప్పటికి ఆర్నెల్ల కింద దవాఖానలో డాక్టరు నాకు షుగరని చెప్పినప్పుడు, ఇక కల్లు ముట్టనని సుజాత నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. నేను ముట్టడం లేదని ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను ఎన్నడూ పాడుచేయలేదు.

తాటిచెట్ల కింద చల్లగా కూర్చున్నాను. ఫోను మోగింది. కొత్త నంబరు. ఇన్సూరెన్సువాళ్లయి ఉంటారని కట్ చేశాను. మళ్లీ మోగింది, మళ్లీ కట్. మూడోసారి తిట్టి మరీ కట్ చేశాను. నాలుగోది సుజాత.

“ఏడున్నవ్?”

“హన్మకొండ చౌరస్తల,” అన్నాను మూతి తుడుచుకుంటూ.

“ఓ దేవుడా! గా డబ్బా సంచిల్నే ఉన్నదట! లీల వదినె ఎన్నిసార్లు ఫోన్ చేసినా కట్ చేస్తానవట. ఆమె బండెక్కిందని హైదరాబాద్ సారు అంతా కొట్టేస్తా అంటాండు. ఏడు కిలోమీటర్ల రాయి కాడ కూసున్నది. జల్ది రా, నేను గూడ స్కూటీ మీద పోతాన.”

తాగిందంతా ఒక్కసారి దిగిపోయింది. పన్నెండుమంది పిల్లలూ వరుసగా నిలబడి నన్నే చూస్తున్నట్టు అనిపించింది. నర్సయ్యకు పైసలిచ్చి, బండి తీసి పది నిమిషాల్లో అక్కడికి చేరాను. లీల చెప్పుదెబ్బ తిన్నదానిలా రాయి మీద కూర్చుని ఉంది. సుజాత అప్పుడే స్కూటీ దిగుతోంది. నన్ను చూసి, రోడ్డును అటూ ఇటూ చూసింది.

“ఏమయ్యా, హన్మకొండ గటున్నది. నువ్వు నా ఎన్కనుంచి ఎట్లొస్తానవ్?”

“షార్ట్‌కట్ల వచ్చిన.”

ఆమె ఇంకేదో అనేలోపు లీల ఫోను స్పీకరు పెట్టింది. హైదరాబాదు సారు గొంతు స్కూలు ఇన్‌స్పెక్టరు గొంతులా ఉంది.

“సంచి మీ దగ్గరే ఉందా? గంటకు అరవై వేగం మీ బండిదేనా?”

“నాదే సార్.”

“సరే. ఆ తర్వాత యాభై నిమిషాలు రోడ్డుకు దూరంగా, చెట్ల మధ్య కదలకుండా ఉంది. అదేం చోటు?”

సుజాత నా ముఖంలోకే చూస్తోంది. “పంచరైంది సార్,” అన్నాను.

“పంచరు షాపు పేరు? వాళ్లకు ఫోనివ్వండి. చూడండి, ఒక్క మాట తేడా వచ్చినా నేను మొత్తం రద్దు చేయాల్సి వస్తుంది. ఆమే బండిలో వచ్చి అక్కడ విశ్రాంతి తీసుకుందని అనుకోవాల్సి వస్తుంది.”

లీల బూటు విప్పి పాదం వంక చూసుకుంటోంది. బొబ్బల మీద బొబ్బలు, వాటి మీద ప్లాస్టర్లు. ఆ పాదం చూశాక అబద్ధం గొంతు దాటలేదు. ఇటు చూస్తే సుజాత. ఆ రోజు నేను పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు.

“పంచర్ కాలే సార్. కల్లు తాగిన. నర్సయ్య మండువల.” కళ్లు మూసుకుని, “ఇయ్యాల ఒక్కనాడే సార్” అని కూడా కలిపాను. అది సారు కోసం కాదు.

“సాక్షి ఎవరైనా ఉన్నారా?”

నర్సయ్యకు ఫోను కలిపాను. అందరూ వినేలా స్పీకరు పెట్టాల్సి వచ్చింది.

“నర్సన్నా, ఇయ్యాల పొద్దుగాల నేను నీ దగ్గర్కి ఒక్కన్నే వచ్చిన్నా, ఎవరన్న ఆడమనిషి ఎంబడి ఉన్నదా? జర సార్‌కు చెప్పు.”

“ఆడమనిషేంది సార్! సదానందమన్న పెద్దమనిషి. ఒక్కడే వస్తడు. రోజు అదే టైముకు వస్తడు.”

“రోజూనా?” అన్నాడు సారు. గొంతులో ఆసక్తి పెరిగింది.

“ఆర్నెల్ల సంది ఒక్క పొద్దు తప్పలే సార్. వానొచ్చినా వస్తడు. షుగరున్నదట, డాక్టర్ వాకింగ్ చెయ్యమన్నడని ఇంట్ల చెప్పి నడుసుకుంట వస్తడు. ఇయ్యాలనే బండి మీద వచ్చిండు, గది జర నాకు గూడ కొత్తగ అనిపించింది. ఓ పెద్ద సంచి గూడ పక్కన పెట్టుకున్నడు.”

స్పీకరులో సారు చాలా సంతోషంగా అన్నాడు.

“మంచి సాక్ష్యం. ఇంత వివరంగా ఎవరూ చెప్పరు. లీలగారూ, మీ పరుగు రద్దు కాదు. డబ్బా లేకుండా పరిగెత్తిన ఈ ఏడు కిలోమీటర్లు మాత్రం మళ్లీ ఆ ఇంటి నుంచి మొదలుపెట్టండి.”

లీల ఎగిరి గంతేసి నన్ను పట్టుకుని ఏడ్చింది. “అన్నా, నువ్వు నిజం చెప్పినావు, నా పిల్లల్ని కాపాడినావు” అంది. నేను కూడా ఏడ్చాను. కారణాలు వేరు.

సుజాత మాత్రం ప్రశాంతంగా ఉంది. అంత ప్రశాంతంగా ఆమెను నేను పెళ్లిచూపుల్లో తప్ప ఎన్నడూ చూడలేదు. లీలను స్కూటీ ఎక్కించుకుని మా గేటు దాకా తీసుకుపోయింది, నడుంపట్టీ తన చేత్తో కట్టింది. నా దిక్కు తిరిగి, “ఆర్నెల్ల సంది వాకింగ్ చేస్తానవ్ గదా. కాళ్లు గట్టిపడి ఉంటయ్. ఆడిబిడ్డ ఎంబడి ఉరుకు” అంది. ఉరికాను. ఒక కిలోమీటరు తర్వాత నన్ను ఆటోలో తెచ్చారు.

లీల చెల్లె కశ్మీరు చేరింది. ఒడిబియ్యం పార్సెల్‌లో హోసూరు చేరింది. పోటీలకు పోతున్న పిల్లల ఫొటో పంపింది, మా దుకాణంలో గోడకు పెట్టాం. ఇక సుజాత ఆ రోజే ఫోను తన చేతికి తీసుకుని హైదరాబాదు సారును ఒక్క మాట అడిగింది. “సార్, గసొంటి డబ్బా ఇంకొకటి దొరుకుతదా? మా ఇంట్ల ఒకలికి కట్టాలె.” దొరికింది. ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడు కూడా నా నడుముకే ఉంది.

అందుచేత, ఈ డబ్బా సాక్షిగా నేను శపథం చేస్తున్నాను. ఇకమీదట మా గడప తొక్కిన ఏ చుట్టానికైనా కాళ్లకు నీళ్లిస్తాను, కంచం నిండా అన్నం పెడతాను, సంచి మాత్రం ముట్టను. ఒకవేళ మర్యాద ఆపుకోలేక ముట్టానే అనుకోండి, ముందు పోయి నర్సయ్య ఫోను స్విచాఫ్ చేయించి వచ్చిన తర్వాతే ముట్టుకుంటాను.