మొదటి ఏడాదికే పనికొచ్చిన మూడేళ్ళ చదువు

చరిత్రకారులు యుద్ధాల తేదీలు, రాజుల పట్టాభిషేకాలు జాగ్రత్తగా రాసిపెట్టుకుంటారు గానీ, ఏ మనిషి ఏ గదిలో ఎప్పుడు లైటు ఆర్పాడో రాసుకోరు. ఆ శాస్త్రానికి అది తీరని లోటు. ఉన్నత విద్యలో ఒక పెద్ద మలుపు సరిగ్గా అలాంటి సందర్భంలోనే వచ్చింది.

ఆ ఊరి డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పే మాస్టారికి ఒక అలవాటుంది. ఏ గదిలోంచి బయటికి వచ్చినా తలుపు పక్కనున్న స్విచ్చి నొక్కి, లైటూ ఫ్యానూ ఆపేసి మరీ వస్తారు. ఇందులో వింతేముంది, పొదుపరి మనిషి కాబోలు అనుకోవచ్చు. లోపల ఇంకా మనుషులున్నారా లేరా అన్నది ఆయన లెక్కలోకి రాదు, అదీ వింత. బ్యాంకు మేనేజరుని ఆయన గదిలోనే చీకట్లో కూర్చోబెట్టిన ఘనత మాస్టారిది. పళ్ళ డాక్టరు దగ్గర, నోరు తెరుచుకుని పడుకున్న మరో పేషెంటుని డాక్టరుతో సహా చీకటిపాలు చేశారని కూడా చెప్పుకుంటారు.

ఈ అలవాటు పుట్టుక గురించి భేదాభిప్రాయాలున్నాయి. చిన్నప్పుడు కరెంటు బిల్లు చూసి తండ్రి వేసిన కేకల ఫలితమని ఇల్లాలి వాదం. తాను వెళ్ళిపోయాక ఆ గదిలో ఇక జరగాల్సిందేమీ మిగలదని ఆయనకి గట్టి నమ్మకమని బావమరిది వాదం. మాస్టారిని అడిగితే మాత్రం, "ఆర్పానా? నేనా?" అంటారు. ఊరు ఆయనకి స్విచ్చి మాస్టారని పేరు పెట్టి ఊరుకుంది.

ఆ ఊరి చుట్టూ దుంపలూ పళ్ళూ విరగ పండుతాయి. పండినవి కుళ్ళిపోకుండా దాచడానికి ఊరి బయట రోడ్డు పొడవునా కోల్డ్ స్టోరేజీలు లేచాయి. ఒక్కొక్కటీ కిటికీలు లేని పెద్ద తెల్ల పెట్టె. వాటిని నడపడం తెలిసినవాళ్ళు మాత్రం ఊళ్ళో లేరు. మెషీను మొరాయిస్తే, దూరపు నగరం నుంచి మెకానిక్కు దిగేదాకా యజమాని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చోవాల్సిందే. ఇటు కాలేజీలో ఫిజిక్సుకి వచ్చేవాళ్ళు ఏటికేడు తగ్గిపోయి, చివరికి మనిషికి రెండు బెంచీల చొప్పున మిగిలారు. ల్యాబు ముందు వరండాలో విరిగిన కుర్చీలు చేరడం మొదలైంది. కాలేజీల్లో విరిగిన కుర్చీలు రాబందుల్లాంటివి. ఏ గదికి ఆయుష్షు తీరిందో వాటికి ముందే తెలుస్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లో, ప్రాంతీయ అవసరాలకు తగిన వృత్తివిద్యా డిగ్రీ కోర్సు ఒకటి తయారుచేసి పంపమని యూనివర్సిటీ నుంచి కాలేజీకి ఆదేశం వచ్చింది. ప్రిన్సిపాలు సమావేశం పెట్టి దాన్ని ఆసాంతం చదివి, "ఈ బాధ్యత ఎవరు తీసుకుంటారు?" అన్నారు. అందరూ ఒక్కసారిగా బల్లమీది గీతలు పరిశీలించడంలో పడ్డారు. బస్సు టైమైందని మాస్టారు మెల్లగా లేచి వెళ్ళిపోయారు. గది చీకటైపోయింది.

"ఎవరయ్యా అది?" అన్నారు ప్రిన్సిపాలు చీకట్లోంచి.

"ఫిజిక్సు మాస్టారండీ!" అన్నారు అందరూ ఏకకంఠంతో.

"సరే, ఆయన పేరే రాసుకోండి."

మర్నాడు సంగతి తెలిశాక మాస్టారు గొణిగారు గానీ, పని మాత్రం నిష్ఠగా మొదలుపెట్టారు. వరండాలో కుర్చీలు ఆయన కూడా చూస్తూనే ఉన్నారు మరి. ముందుగా ఊళ్ళోకెల్లా పెద్ద కోల్డ్ స్టోరేజీ యజమానిని విచారించారు. అందుకు దూరం వెళ్ళక్కర్లేదు. ఆ యజమాని ఆయన బావమరిదే, ఆదివారం పూట అక్కగారింట్లో టీ తాగుతూ దొరికాడు.

"నీకు ఎలాంటివాళ్ళు కావాల్రా?"

"ఎలాంటివాళ్ళంటే ఏం చెప్పను బావా? వచ్చిన రోజునుంచే పని అందుకునేవాళ్ళు. మీ కాలేజీవాళ్ళొస్తే ముందు కుర్చీ ఎక్కడుందని వెతుకుతారు."

"డిగ్రీ చదివినవాళ్ళు కూర్చోరా మరి?"

"వాళ్ళు కూర్చుంటే కంప్రెసరు తిరుగుతుందా?"

"తమ్ముడు చెప్పింది నిజమేగా" అంది ఇల్లాలు.

"వాడు చెప్పింది అబద్ధమని నువ్వెప్పుడన్నావు గనక!" అన్నారు మాస్టారు. కానీ ఆ మాట ఆయన బుర్రలో మేకులా దిగబడిపోయింది. వచ్చిన రోజునుంచే పని.

యూనివర్సిటీ చదువులకి అనాదిగా ఒక ధర్మం ఉంది. మొదటి సంవత్సరం నిర్వచనాలు, రెండో సంవత్సరం ఆ నిర్వచనాల చరిత్ర. పనికొచ్చేది ఏమైనా ఉంటే, అది మూడో సంవత్సరం చివర, టైము చాలక వదిలేసే పాఠంలో ఉంటుంది. దీన్ని తెలివితక్కువతనమని నిందించేవాళ్ళు పెద్దల దూరదృష్టిని గుర్తించలేదు. పనికొచ్చే ముక్క ఎక్కడుందో తెలియకే విద్యార్థి చివరిదాకా కూర్చుంటాడు.

మాస్టారు ఈ ధర్మాన్ని తలకిందులు చేశారు. కంప్రెసరు విప్పడం, బిగించడం, గ్యాసు లీకు పట్టుకోవడం, గడ్డకట్టిన మంచు కరిగించడం, అన్నీ మొదటి ఏడాదిలోనే పెట్టారు. ఎందుకు, ఏమిటి అన్న శాస్త్రమంతా తరవాతి రెండేళ్ళకి జరిపారు. యూనివర్సిటీ ఒప్పుకుంది గానీ మెలిక పెట్టింది. మొదటి బ్యాచిలో కనీసం పదిమంది మూడేళ్ళూ చదివి చివరి పరీక్ష రాయాలి. లేకపోతే కోర్సు రద్దు, ల్యాబు కూడా కాలేజీ వేరే అవసరాలకి. వేరే అవసరాలు అప్పటికే వరండాలో ఒకదానిమీద ఒకటి ఎక్కి ఎదురుచూస్తున్నాయి.

ఇరవైమందికి పైగా చేరారు. బావమరిది ఒక పాత కంప్రెసరు లారీలో వేసి పంపాడు. పిల్లలు దాన్ని విప్పి, బిగించి, మళ్ళీ విప్పి, ఏడాది తిరిగేసరికి కళ్ళు మూసుకుని శబ్దం వింటే చాలు, దానికి ఎక్కడ నొప్పో చెప్పగలిగారు. అందరిలోకీ చురుకైనది ఎప్పుడూ ఉన్నిటోపీ పెట్టుకునే ఒకమ్మాయి. టోపీ అనే పిలిచేవాళ్ళు. కోర్సు ఇంత బాగా సాగుతున్నందుకు ప్రిన్సిపాలు మాస్టారి భుజం తట్టారు. ఆ తట్టడంతోనే దిష్టి తగిలిందేమో.

రెండో సంవత్సరం మొదటిరోజు క్లాసులో నలుగురున్నారు. బస్సు ఆలస్యమేమో అనుకున్నారు మాస్టారు. వారం గడిచినా ఆ బస్సు రాలేదు. అనుమానం వచ్చి బావమరిది కోల్డ్ స్టోరేజీకి వెళ్ళారు. ఎత్తుగా పేర్చిన దుంపల పెట్టెల సందుల్లోంచి, "నమస్తే సార్!" "నమస్తే సార్!" అంటూ ఒక్కొక్క తలకాయా బయటికొచ్చింది.

"ఇదేమిట్రా! నా క్లాసంతా ఇక్కడే ఉంది?"

"అంతా కాదు బావా, నా దగ్గర తొమ్మిదిమందే. మిగతావాళ్ళని పక్క స్టోరేజీలవాళ్ళు ఎత్తుకుపోయారు. రెండురోజులు ఆలస్యం చేశాను, అదీ నా తప్పు."

"వాళ్ళకింకా రెండేళ్ళ చదువుంది!"

"ఎలాంటివాళ్ళు కావాలని నువ్వే కదా అడిగావు? సరిగ్గా ఇలాంటివాళ్ళే. నీ కోర్సు బంగారం బావా."

"అది పూర్తవలేదురా!"

"నాకు సరిపోయింది" అన్నాడు బావమరిది, భోజనం బాగుందని చెప్పే అతిథిలా.

టోపీ దగ్గరికొచ్చి తలొంచుకుంది. "ఇంట్లో జీతం చూశాక మళ్ళీ కాలేజీ అంటే ఒప్పుకోరు సార్. చదవాలనే ఉంది. కానీ పగలంతా ఇక్కడే సరిపోతోంది." కోప్పడదామనుకుని వచ్చిన మాస్టారు వచ్చిన దారినే తిరిగి వెళ్ళారు. గ్యాసు లీకు పట్టుకోవడం ఎలాగో చెప్పారు గానీ, క్లాసు లీకైతే ఏం చెయ్యాలో సిలబస్‌లో లేదు.

స్టాఫురూములో కామర్సు మాస్టారు సలహా చెప్పాడు. "ఎరని గాలానికి గుచ్చాలి గానీ గట్టుమీద పోస్తారటండీ? వచ్చే బ్యాచినుంచి ఆ కంప్రెసరుని మూడో ఏడాదికి తోసెయ్యండి. చచ్చినట్టు కూర్చుంటారు."

అది నిజమేననిపించింది. మాస్టారు ఇంటికొచ్చి, పనికొచ్చేవన్నీ చివరికి నెట్టేసి కొత్త సిలబస్ రాశారు. ఇల్లాలు పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతూ అంతా వింది.

"అంటే, తెలిసిందాన్ని దాచిపెట్టి రెండేళ్ళు ఊరిస్తారన్నమాట. మా తమ్ముడే నయం కదండీ, ఉన్నది ఉన్నట్టు లాక్కుపోయాడు."

"ల్యాబు పోతే ఏం చెయ్యను మరి?"

ఆమె మడతపెట్టిన బట్టలు ఎత్తుకుని లోపలికెళ్ళింది. ఆయన ఆ కాగితాలు పంపలేదు, చింపలేదు. సంచిలో పెట్టుకుని నెలరోజులు కాలేజీకీ ఇంటికీ మోశారు.

ఇంతలో బావమరిది స్టోరేజీలో వెనక వరసల్లో దుంపలు వెచ్చబడి మొలకలెత్తడం మొదలుపెట్టాయి. థర్మామీటరు చూస్తే చల్లగానే ఉన్నట్టు చూపిస్తోంది. కంప్రెసరు పిల్లిలా గురగురలాడుతోంది. యజమాని టోపీని పిలిచి, "ఏమిటమ్మాయ్ ఇది?" అన్నాడు.

"మెషీను బాగానే ఉంది సార్. అన్నీ చూశాం."

"మరి దుంపలు ఎందుకు వేడెక్కుతున్నాయి?"

"అది రెండో సంవత్సరం పాఠం సార్" అంది టోపీ వినయంగా. "నేను మొదటి సంవత్సరంతోనే వచ్చేశాను. మీరే పిలిచారు."

ఆ సాయంత్రమే బావమరిది అక్కగారింట్లో ఊడిపడ్డాడు.

"బావా, ఒక్కసారి వచ్చి చూసిపో."

"చూడ్డానికి రాను. పాఠం చెప్పడానికైతే వస్తాను. దానికి పిల్లలు కాలేజీకి రావాలి."

"తొమ్మిదిమందినీ పంపిస్తే అక్కడెవరుంటారు, నేనా? ఆ మెషీనులో ఏది తిప్పితే ఏమవుతుందో కూడా నాకు తెలీదు."

"అయితే దుంపలకే చెప్పు, మొలకలెత్తొద్దని."

"చూడక్కా, ఎలా మాట్లాడుతున్నాడో! ఆపదలో ఉన్నవాణ్ణి..."

"ఇద్దరూ ఆపండి" అంది ఇల్లాలు. "పిల్లలు బోర్డు దగ్గరికి రాలేకపోతే బోర్డునే అక్కడికి మోసుకెళ్ళండి. చదువేమైనా ఆ గోడలకుందా?"

బావా బావమరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత తేలిక మాట తమకి తట్టనందుకు ఇద్దరికీ ఒళ్ళు మండింది, అందుకే వెంటనే ఒప్పుకున్నారు. మిగతా యజమానులు కూడా తమ దగ్గరున్నవాళ్ళని షిఫ్టు అయ్యాక పంపుతామన్నారు. వాళ్ళ దుంపలు మాత్రం ఏం బుద్ధిమంతులు గనక?

అలా రెండో సంవత్సరం క్లాసు, దుంపలు నిలవచేసే చల్లటి హాల్లోనే, పెట్టెలకి ఆనించిన బోర్డు ముందు మొదలైంది.

"దుంపని నేలలోంచి పెరికినా దాని ప్రాణం పోదు" అన్నారు మాస్టారు, నోట్లోంచి పొగలొస్తుండగా. "ఊపిరి తీస్తూనే ఉంటుంది. దాన్నుంచి వేడి పుడుతుంది. ఆ వేడిని గాలి మోసుకుపోవాలి. ఇక్కడ గాలికి దారేది?"

టోపీ వెనక్కి తిరిగి చూసి లేచింది. "లేదు సార్. వెనక గోడకి ఆనించి మూడు వరసలు ఎక్కువ పేర్చాం. థర్మామీటరేమో ఫ్యాను ఎదురుగా వేలాడుతోంది, దానికి ఎప్పుడూ చల్లగానే ఉంటుంది."

"ఎవరు పేర్చమన్నారమ్మా?"

క్లాసు క్లాసంతా కప్పువైపు చూసింది. తలుపు దగ్గర నిలబడ్డ బావమరిది గొంతు సవరించుకుని, "సిలబస్‌లో నా గురించి కూడా రాశావా బావా?" అన్నాడు.

పాఠం అయ్యాక మాస్టారు తృప్తిగా బయటికొచ్చారు, అలవాటు ప్రకారం. కిటికీల్లేని హాలు కాటుక పూసినట్టయింది. లోపల్నుంచి కేకలు. "ఫర్వాలేదులే బావా, దుంపలకి చీకటే మంచిదట" అన్నాడు బావమరిది, స్విచ్చి కోసం గోడంతా తడుముతూ. మర్నాడు మూడు వరసలూ తీయించేశాడు. మాస్టారు సంచిలో కాగితాలు చింపేసి, మొదటి ఏడాది పాఠాలని మొదటి ఏడాదిలోనే ఉంచేశారు.

తరగతి గదిలో జరగని చదువు చదువేనా అని యూనివర్సిటీకి సందేహం వచ్చి ఒక కమిటీని పంపింది. కమిటీ పల్చటి చొక్కాలతో వచ్చింది. తనిఖీ సగంలో ఉండగానే పళ్ళు టకటకలాడి, అంతా సవ్యంగా ఉందని సంతకాలు చేసి ఎండలోకి పరుగెత్తింది.

చివరి పరీక్ష నాటికి చదువు వదలనివాళ్ళు పదకొండుమంది మిగిలారు. ఆ రోజు వాళ్ళలో తన దగ్గరున్నవాళ్ళందరికీ సెలవిచ్చి, బావమరిది స్వయంగా కంప్రెసరు ముందు స్టూలేసుకుని కూర్చున్నాడు. మాటిమాటికీ అక్కకి ఫోను. "అక్కా, ఇది శబ్దం చేస్తే మంచిదా, చెయ్యకపోతే మంచిదా?"

ఇక్కడ పరీక్ష హాలు గుమ్మంలో మాస్టారు తలలు లెక్కపెడుతున్నారు. గంట కొట్టేసరికి తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టారు, తొమ్మిదే. తలుపు వెయ్యమంటారా అని అటెండరు అడిగాడు. మాస్టారు వినపడనట్టు చెప్పు పట్టీ సరిచేసుకోవడం మొదలుపెట్టారు. అది సరికావడానికి చాలాసేపు పట్టింది. పట్టీ ఊడి చేతికొచ్చే సమయానికి టోపీ, ఆమె వెనక ఇంకొకడు, స్టోరేజీ కోట్లు విప్పుకుంటూ మెట్లెక్కి పరుగున వచ్చారు. పక్క స్టోరేజీలో మెషీను ఆగిపోతే బాగుచేసి వస్తున్నారట.

"ఏమైందమ్మా దానికి?" అన్నారు మాస్టారు, ఆగలేక.

"మొదటి సంవత్సరం జబ్బే సార్" అంది టోపీ, లోపలికెళుతూ.

పదకొండుమందీ పాసయ్యారు. కోర్సు నిలిచింది. వరండాలో కుర్చీలు కామర్సు వైపు కదిలాయి.

పట్టాలిచ్చే రోజున కాలేజీ హాలు నిండిపోయింది. యూనివర్సిటీనుంచి పెద్దాయన వచ్చి, ఒక ప్రాంతం తన అవసరాలను తానే చదువుగా మలుచుకున్న ఈ ఘట్టం రేపటి తరాలకు దారిదీపమని గంటసేపు మాట్లాడారు. ప్రిన్సిపాలు కళ్ళు తుడుచుకున్నారు. బావమరిది ముందు వరసలో కొత్త కోటుతో కూర్చుని, పదకొండుసార్లూ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఈ చారిత్రక దినాన్ని శాశ్వతంగా నిలపాలని, మొదటి బ్యాచి ఫోటో తీయించి ప్రిన్సిపాలు గదిలో పెద్ద ఫ్రేము కట్టించారు. అందులో యూనివర్సిటీ పెద్దాయన, ప్రిన్సిపాలు, మాస్టారు, ఇల్లాలు, బావమరిది ఉన్నారు. విద్యార్థులు మాత్రం, మధ్యాహ్నం రెండు గంటలకి షిఫ్టు ఉండటంతో, ఫోటోకి ముందే వెళ్ళిపోయారు.