ఐదు డిగ్రీల లోపు

మనిషి కదలికను కొలవడం నా బతుకుదెరువు. జనగామలో ఒక దవాఖానలో ఫిజియోథెరపిస్టును. మోకాలు ఎంత వంగింది, పాదం ఎంత లేచింది అని రెండు ప్లాస్టిక్ బద్దల పరికరం పెట్టి చూసి, డిగ్రీల్లో రాస్తాను. చదువుకునే రోజుల్లో మాకు నూరిపోసిన మాట ఒకటుంది. ఐదు డిగ్రీల లోపు తేడా వస్తే కంగారు పడొద్దు. కొలిచే చెయ్యి కొంచెం అటూ ఇటూ అవుతుంది, ఒళ్లు కూడా పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. ఆ మాటలో తప్పేమీ లేదు. గడ్డి తిన్నది నా బుద్ధే.

మా బాపు దేవరుప్పుల దగ్గరి మా ఊళ్లో తాళ్లు ఎక్కి కల్లు గీసేవాడు. తాటిచెట్టును మా దిక్కు తాడనే అంటాం. నడుం నొప్పి ముదిరితే పరీక్షలు చేయించాం. వెన్నుపూసల మధ్య డిస్కు కొద్దిగా జరిగిందనీ, కొన్నాళ్లు చెట్టెక్కకుండా కసరత్తులు చేస్తే చాలనీ, పాదం బలం తగ్గితే మాత్రం వెంటనే తీసుకురమ్మనీ డాక్టరు చెప్పాడు. ఆ పాదాన్ని కనిపెట్టి ఉండే పని నాది. బాపు ప్రతి మంగళవారం బస్సెక్కి వచ్చేవాడు. బల్ల మీద పడుకోబెట్టి, పాదం పైకి లేపించి కొలిచేదాన్ని. ఆయన అడిగేది ఒక్కటే.

"మళ్ల తాడెప్పుడెక్కాలె బిడ్డా?"

"జర ఓపిక పట్టు బాపూ. ఎక్కుతవు తియ్."

మొదటి రోజు కుడి పాదం పదిహేను డిగ్రీలు లేచింది. తర్వాతి వారం పదమూడు. రెండు డిగ్రీలే కదా, నా చేతి తేడా అనుకున్నాను. ఆ పై వారం పన్నెండు. బస్సులో నిలబడి వచ్చాడు, అలసిపోయి ఉంటాడు అనుకున్నాను. ఏ వారానికావారం కొత్త చీటీ రాసిచ్చేదాన్ని. మళ్లీ వచ్చినప్పుడు ఆయన ప్లాస్టిక్ కవర్లోంచి పైనున్న ఒక్క చీటీ తీసి, దానితోనే పోల్చేదాన్ని. కింద ఉన్నవాటిని ఏనాడూ తిరగెయ్యలేదు.

ఒకరోజు ఆయనే చెప్పాడు. "నడుస్తాంటె చెప్పు జారిపోతాంది బిడ్డా. కాలు నా మాట ఇంటలేదు."

"గట్లేం లేదు బాపూ. పోయిన వారానికీ ఇప్పటికీ రెండు డిగ్రీలే తేడా. ఊకె పరేషాన్ గాకు."

"నీకెరుక గద" అని ఊరుకున్నాడు.

నలభై ఏళ్లు తాళ్లెక్కిన కాలు సంగతి ఆయనకు తెలియదట, నాకు తెలుసట! ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండు నెలలు గడిచాయి. ఒక మంగళవారం నాకు జ్వరమొచ్చి సెలవు పెట్టాను. నా తోటి ఫిజియోథెరపిస్టు బాపును చూసింది. చదవరాని బాపు, ఏ చీటీ ఇవ్వాలో తెలియక, కవరంతా ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చీటీలన్నీ బల్ల మీద వరుసగా పరిచి, నాకు ఫోన్ చేసింది.

"అక్కా, ఇయ్యాల రెండే డిగ్రీలు లేస్తాంది. మూడుసార్లు కొలిచిన."

"నీ చెయ్యి వేరు, నా చెయ్యి వేరు. గంత తేడా వస్తది లే" అన్నాను. అప్పుడు కూడా అదే మాట!

"మొదటి చీటీల పదిహేనున్నది గదక్కా. రాసింది నువ్వే."

చీటీలన్నీ వరుసగా చదవమన్నాను. అడుగడుగునా ఐదు లోపలే ఉంది. మొత్తం మీద కాలే పోయింది.

ఆ వారంలోనే హన్మకొండలో ఆపరేషన్ చేయించాం. నడుం నొప్పి తగ్గింది. పాదం మాత్రం లేవలేదు. నరం చాలా రోజులు నలిగిపోయిందనీ, మొదట్లోనే తెచ్చి ఉంటే దక్కేదేమో అనీ సర్జన్ అన్నాడు. అప్పుడు బాపు లోపల మంచం మీద ఉన్నాడు. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇప్పుడు బాపు పాదానికి పట్టీ కట్టుకుని కర్ర పట్టుకుని నడుస్తాడు. తాడెక్కే మాట ఎత్తడం మానేశాడు. చూడటానికి ఎవరైనా వస్తే మాత్రం నన్ను చూపించి మురిసిపోతాడు.

"మా బిడ్డ వారం వారం కొలిచి సూసింది గాబట్టి గీ మాత్రమన్న నడుస్తున్న. లేకుంటే మంచంలనే పడుందును."

వాళ్లు నన్ను మెచ్చుకుంటారు. నేను చాయ్ పెడతానని లోపలికి వెళ్లిపోతాను. ఆయనకు ఇంకా చెప్పలేదు.