పక్క రాష్ట్రపు కంపెనీకి బందరు సంతకం

"నన్ను పోలీసులు తీసుకెళ్ళిపోతే మా పాపకి పాలెవరు పడతారండీ?"

ప్రేమమ్మగారి గదిలో అడుగుపెడుతూనే నేనన్న మొదటి మాట ఇది.

"ఎవరూ తీసుకెళ్ళరు. ముందు కూర్చో అమ్మాయ్" అన్నారావిడ.

ప్రేమమ్మగారు ముప్పై ఏళ్ళుగా బందరులో పన్ను రిటర్నులు వేస్తున్నారు. తండ్రి గిలకలదిండిలో చేపల వ్యాపారి. ఐసుతో కలిపి తూచేవాళ్ళ మధ్య పెరిగినందువల్ల ఎవర్నీ ఊరికే నమ్మరు. పాప పుట్టాక నాకూ అదే జబ్బు. ఆవిడ్ని కూడా అనుమానిస్తూనే వెళ్ళాను.

ఎండురొయ్యలు ప్యాకెట్లలో అమ్ముదామని మా ఆయన శ్రీహరి, ఆయన స్నేహితుడు భరత్ కలిసి హైదరాబాదులో కంపెనీ రిజిస్టరు చేయించారు. మా ఆయనది గవర్నమెంటు ఉద్యోగం కాబట్టి భరత్‌ని డైరెక్టరుగా, నన్ను మేనేజింగ్ డైరెక్టరుగా పెట్టారు. అందుకే రిటర్ను మీద సంతకం నాదే ఉండాలి. ఒక్క ప్యాకెట్టూ అమ్మలేదు. ఇప్పుడు భరత్ నా డిజిటల్ సంతకం ఉండే టోకెన్ని, పెన్‌డ్రైవులా ఉంటుందది, పిన్ నంబరుతో సహా కొరియర్ చెయ్యమంటున్నాడు. కంపెనీ తెలంగాణది కనక రిటర్ను అక్కణ్ణించే వెయ్యాలట, వెయ్యకపోతే నా మీద కేసవుతుందట. మావైపు చాలామంది అలాగే ఇచ్చేస్తారు. వాళ్ళ సంతకాలన్నీ ఆడిటర్ల సొరుగుల్లోనే ఉంటాయి.

"ఇన్‌కమ్‌టాక్సుకి పొలిమేరేంటి? ఎక్కణ్ణించైనా వెయ్యొచ్చు" అన్నారు ప్రేమమ్మగారు.

"టోకెన్ తెచ్చానండీ. మీకివ్వమంటారా?"

"నాకెందుకు? నేనేమన్నా నీ మేనత్తనా?"

ముందు రిటర్ను కాపీ పంపమని ఆవిడెదుటే భరత్‌కి స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను.

"టైం లేదు వదినా, నెలాఖరే లాస్ట్. నా మీద నమ్మకం లేదా?"

"నమ్మకం బోలెడుంది బాబూ, కాపీయే లేదు" అన్నారు ప్రేమమ్మగారు.

"ఎవరు వదినా ఆవిడ?"

అరగంటకి కాపీ వచ్చింది. పైకి చదవమన్నారు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని, ఒకటో తరగతి పిల్లలా ఒక్కో లైనూ చదివాను. అమ్మకాల దగ్గర ఆగిపోయాను. ఏడాది పొడుగునా సరుకు అమ్మినట్టుంది.

మళ్ళీ ఫోన్ చేశాను. "వేరేవాళ్ళ అమ్మకాల బిల్లులు మన కంపెనీ పేరు మీద నడిపాం వదినా, అంతే. అందరూ చేసేదే" అన్నాడు భరత్.

"నేను సంతకం పెట్టను" అన్నాను. ఫోన్ పెట్టేశాను.

ఆ బిల్లుల సంగతి నాకు తెలియదని అప్పటికప్పుడే భరత్‌కి నాచేత మెయిల్ రాయించారు ప్రేమమ్మగారు. ఆలస్యమైతే జరిమానా కడదువుగాని, దొంగ లెక్క మీద మాత్రం సంతకం వద్దన్నారు. ఆవిడ కుదిర్చిన గుడివాడ ఆడిటరుగారు కంపెనీ బ్యాంకు కాగితాలన్నీ తెప్పించి చూస్తున్నారు. ఏం బయటపడుతుందోనని నా భయం ఇంకా పోలేదు.

అయితే మొన్న పాప ప్లేస్కూలు ఫారం కూడా ఆవిడ మాట ప్రకారమే నింపాను. ఆ మాట మొదటిరోజు నన్ను సాగనంపుతూ మెట్లదాకా వచ్చి చెప్పారు:

"ఏ కాగితమైనా మనసులో చదవకు, పైకి చదువు. నోరు ఎక్కడ ఆగితే అక్కడ చెయ్యి ఆపు."