ఈశాన్యంలో ఇనుప డబ్బా

ఆ రోజుల్లో కరెంటుకు కూడా ఒక స్వభావం ఉండేది. సాయంత్రం అందరి ఇళ్లలో స్విచ్చులు పడే వేళకు అమీర్‌పేట బల్బులు వెలిగేవి కావు, వెలుగుతున్నట్టు నటించేవి. (ఎదురుగా కూర్చున్నది భార్యా, వదినా అన్నది గొంతు విని తేల్చుకోవలసిందే.) ఊరంతా పడుకున్నాక అదే కరెంటు వరదలా వచ్చిపడి, పొద్దునకల్లా ఏ ఇంట్లోనో ఒక ఫ్రిజ్ ప్రాణం తీసి వెళ్లిపోయేది. అందుకని, ఎక్కువగా వచ్చిన కరెంటును తగ్గించి, తక్కువగా వచ్చినదాన్ని పెంచి సామానుకు అందించే స్టెబిలైజర్ అనే ఇనుప పెట్టెను ఆ కాలపు మనుషులు ఇంటి పెద్దకొడుకులా చూసుకునేవారు. కొత్త టీవీ చూడటానికి వచ్చిన చుట్టాలు బొమ్మకంటే ముందు దాని పక్కన స్టెబిలైజర్ ఉందో లేదో చూసేవారు. ఇప్పటి పిల్లలకు ఆ మాటే తెలియదు. తెలియకపోతే పోనీ, "గిదేంది తాతా, పాత గీజరా?" అని అడుగుతారే, అక్కడ కాలుతుంది నాకు.

ఎందుకు కాలదు? నేను స్టెబిలైజర్లు చేసినవాణ్ని. ఇవాళ అమీర్‌పేటలో తలెత్తితే ఆకాశం కనబడదు, కోర్సుల బోర్డులు కనబడతాయి. ఎవరు ఏ చదువు చదివి వచ్చినా నాలుగు వారాల్లో మరొకటి చేసి పంపిస్తామంటాయి. ఆ బోర్డులేవీ లేని కాలంలో అదే సందులో ఒక రేకుల షెడ్డు ఉండేది. పదో తరగతి లెక్కల్లో తప్పి, ఇంట్లో ముఖం చూపించలేక, నేను అక్కడ రాగితీగ చుట్టే పనిలో చేరాను. షెడ్డు యజమానిని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. నా చదువంతా ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాల్లోంచి వచ్చిందే. అర్థంకాని ఇంగ్లీషును అర్థమైనవాడిలా పైకి చదువుతుండేవాణ్ని కనుక ఉస్తాద్ నాకు ఇంజనీర్ సాబ్ అని పేరు పెట్టాడు. (అది వెక్కిరింత అని చాలా ఏళ్లకుగాని తెలియలేదు.) మొదటినుంచి చివరిదాకా నా చేతులతోనే చేసిన మొట్టమొదటి స్టెబిలైజర్‌ను ఆయన ప్లగ్గులో పెట్టి, లోపల కరెంటు దారి మార్చే రిలే 'టక్' మనగానే వోల్టేజీ చూపే ముల్లు వంక కాసేపు చూసి, "దీన్ని అమ్మొద్దు ఇంజనీర్ సాబ్, నువ్వే పెట్టుకో" అన్నాడు. నేను దాన్ని బహుమానం అనుకున్నాను. (అమ్మితే మళ్లీ షెడ్డుకే తిరిగి వస్తుందని ఆయన భయపడి ఉండవచ్చునని ఈమధ్య అనిపిస్తోంది.)

ఆ డబ్బా నాతోపాటు యూసుఫ్‌గూడ అద్దె గదులన్నీ తిరిగింది. చివరికి అమీర్‌పేటలో కొనుక్కున్న ఫ్లాట్‌లో, వెనక గది గోడకు నాలుగు బోల్టులతో స్థిరపడింది. దూడంత బరువు, ముందు ఎర్ర బల్బు, దాని కింద వణుకుతూ ఉండే ముల్లు. మా టీవీని కాపాడింది, ఫ్రిజ్‌ను కాపాడింది, తర్వాత కాపాడటానికి ఏమీ లేక ఊరికే ఉంది. సరిగ్గా అప్పుడే మా మనవరాలు చిట్టికి ఆటలాడే కంప్యూటర్ వచ్చింది. ఇంజనీరింగ్ చదువుకోసం అని మా అబ్బాయీ కోడలూ కొన్నారు. చదువుకోవడానికి అద్దాల తలుపు, రంగురంగుల దీపాలు, అన్ని ఫ్యాన్లు దేనికో నాకు అర్థం కాలేదు. అయినా నా ధర్మం నేను చేశాను. "ఇంత ఖరీదైన సామాన్ను డైరెక్టుగ గోడకు పెడతరా ఎవరన్న?" అని కేకేసి, దాని వైరు తీసుకెళ్లి నా స్టెబిలైజర్‌కు తగిలించాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. అసలు ఎవరూ చూడలేదు.

చిట్టి ఆడే ఆట ఏమిటంటే, ఒక జట్టుకు ఐదుగురు పిల్లలు చెవులకు డిప్పలు తగిలించుకుని, ఎవరింట్లో వాళ్లు కూర్చుని, ఒకరినొకరు ప్రాణాలకు తెగించి కాపాడుకుంటూ అవతలి ఐదుగురిని కాల్చి చంపుతారు. (ఇదే పిల్లలు పక్కింటికి పోయి పెరుగు తోడు అడగమంటే సిగ్గుపడతారు.) కాలేజీ పనులకు కంప్యూటర్ రోజంతా నిక్షేపంలా నడిచేది. ఆటలో కొట్లాట ముదిరి, లోపలి ఫ్యాన్లు విమానంలా మోగేసరికి తెర నల్లబడి, అంతా మళ్లీ మొదటినుంచి మొదలయ్యేది. "లోడ్ పడితె పోతున్నది తాతా" అనేది చిట్టి. అలా పోయిన ప్రతిసారీ హాల్లో పేపరు చదువుకుంటున్న నాకు వెనక గదిలోంచి 'టక్' మని వినిపించేది. గర్వంగా కేకేసేవాణ్ని: "విన్నవా బిడ్డా? కరెంటుల ఏదో తేడా వచ్చింది, నా డబ్బ పట్టుకున్నది! గది లేకుంటె నీ కంప్యూటర్ ఎప్పుడో బూడిదయ్యేది!" పిచ్చితల్లి నమ్మేది. మా ఆవిడ మాత్రం వంటింట్లోంచి, "మీ డబ్బ మనిషైతె మీ పక్కన కూసోని పేపర్ సుత చదువుతుండె" అనేది.

ఇంతలో చిట్టి జట్టు కాలేజీల మధ్య పోటీలో ఫైనల్‌కు చేరింది. అంతకుముందు మ్యాచ్‌లో మా చిట్టి సరిగ్గా అవసరమైనప్పుడే మాయమైందట. యూసుఫ్‌గూడలో ఎక్కడో అద్దె గదిలో ఉండే వాళ్ల కెప్టెన్ ఫోన్ చేసి, పక్కనున్న నాకూ వినబడేలా చెప్పేశాడు: "ఏమనుకోకు అక్కా. ఆదివారం సుత గట్లనే మాయమైనవంటె నీ జాగల వేరేటోళ్లను తీసుకుంట." చిట్టి ఏడ్చే రకం కాదు. అన్నం కలుపుకుని, తినకుండా కంచం వంక చూస్తూ కూర్చునే రకం. ఏడిస్తే ఓదార్చవచ్చు. కంచం వంక చూస్తున్న పిల్లను ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

కంప్యూటర్‌ను ఆటోలో ఒళ్లో పెట్టుకుని పంజాగుట్ట రిపేరు షాపులకు బయల్దేరాం. (ఫ్లై ఓవర్ కింద ఇరుక్కుపోయిన అరగంటలో ఆటో అతను కూడా తన అభిప్రాయం చెప్పాడు: "గండ్ల ఎలుక చొచ్చిందేమో సూడుండ్రి.") మొదటి షాపతను మేం నోరు తెరవకముందే, "ఫార్మాట్ కొట్టాలె అంకుల్" అన్నాడు. "రోగమేందో చూడవా?" అంటే, "చూసుడేమున్నదంకుల్, ముందుగాల కొడదాం, తర్వాత చూద్దాం" అన్నాడు. రెండో షాపులో ర్యామ్ అమ్ముతారు కనుక ర్యామ్ పోయింది. మూడో షాపులో ఫ్యాన్లు అమ్ముతారు కనుక ఫ్యాన్లు చాలడం లేదు. నాలుగో షాపతను ఒక్కడే ప్లగ్గులో పెట్టి, అన్నిటికంటే బరువైన పరీక్ష ఏదో దానిమీద నడిపించి, తన భోజనం తాను చేసి వచ్చాడు. కంప్యూటర్ చెక్కుచెదరలేదు. సాయంత్రం దాకా ఫ్యాన్లు మోగించుకుంటూ హాయిగా నడిచింది.

"గింత ముద్దుగ నడుస్తుంటె ఏం రిపేర్ చేయాలె అంకుల్?"

"ఇంట్ల పోతున్నది నాయనా!"

"అయితె మీ ఇంట్లనే ఉన్నది ప్రాబ్లం."

నాకు ఒళ్లు మండింది. ముక్కూ ముఖం తెలియనివాడు మా ఇంటిని అంటాడా! వాణ్ని పది మాటలని, కంప్యూటర్ ఎత్తుకుని వచ్చేశాను. ఇంట్లో మళ్లీ నా డబ్బాకు తగిలించాను. ఆట మొదలైంది, కొట్లాట ముదిరింది, టక్, తెర నల్లబడింది.

ఇక్కడ మా వియ్యంకుడు ప్రవేశించారు. కోడలి తండ్రి, సముద్రం వైపు జిల్లాల మనిషి, ఆఫీసరుగా రిటైరై సోమాజిగూడలో ఉంటారు. రిటైరైన మర్నాటి నుంచి వాస్తు చెబుతున్నారు. అడిగితే చెప్పేవాళ్లను భరించవచ్చు. ఆయన వచ్చీ రాగానే వెనక గది గుమ్మంలో నిలబడి, జేబులోంచి దిక్సూచి తీసి, నాలుక చప్పరించారు.

"తప్పుగా అనుకోకండి బావగారూ. ఈ బల్ల వాయవ్యంలో ఉందేంటండీ? వాయవ్యం గాలి మూల. అక్కడ ఏదీ నిలవదండీ."

"గాలి మూలైతె ఫ్యాన్లు ఇంకా మంచిగ తిరగాలె కద బావగారూ?"

నా తెలివితక్కువతనానికి జాలిపడుతున్నవాడిలా ఆయన నవ్వారు. "చదువుకునే యంత్రమండీ, ఈశాన్యానికి మార్పించండి. ఒక్క జాగ్రత్త, ఈశాన్యంలో బరువులు మాత్రం ఉండకూడదు."

వాస్తుతో, జాతకాలతో, బల్లిశాస్త్రంతో జీవితమంతా పోట్లాడినవాణ్ని నేను. షెడ్డు వాకిలి దక్షిణానికి ఉందని ఎవరో అంటే, కరెంటు ఏ దిక్కునుంచి వస్తుందో చెప్పమని నిలదీసినవాణ్ని. ఒక గంట ఉపన్యాసం నోటిదాకా వచ్చింది. చిట్టి చెయ్యి పట్టుకుంది. "తాతా, జర జరిపి చూద్దాం. పోయేదేమున్నది?" పోయేది నా పరువు అని చెప్పలేక ఒప్పుకున్నాను. శనివారం పొద్దున బల్లను గదికి అవతలి మూలకు జరిపాం. నా డబ్బా బోల్టులతో గోడకే ఉండిపోయింది. అక్కడిదాకా వైరు అందలేదు కనుక కంప్యూటర్‌ను దగ్గరున్న ప్లగ్గులో పెట్టేశారు.

ఆ రోజంతా అది ఒక్కసారి కూడా ఆగలేదు. చిట్టి రెండుసార్లు వడ్డించుకుని తిన్నది. మా వియ్యంకుడు సోఫాలో కూర్చుని ఫోన్‌లో బంధువర్గాన్నంతా ఒక్కొక్కరినీ పిలిచి చెప్పారు: "అక్షరాలా పదడుగులండీ! పదడుగులు జరిపించాను, అంతే!" ప్రతి ఫోన్ తర్వాత నా వైపు చూసి వినయంగా కళ్లు దించుకునేవారు. ఆ వినయం ఉందే, తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్. భోజనాలయ్యాక నాకు ఒక సందేహం మొదలైంది. ఫైనల్ జరుగుతుండగా కరెంటు ఎక్కువొస్తే? రక్షణ లేకుండా, డైరెక్టుగా గోడకా? (సందేహం నిజమైనదే. గెలిస్తే అందులో నాదంటూ ఏమీ ఉండదన్న దుగ్ధ కూడా అంతే నిజమైనది.) స్పానర్ తెచ్చి బోల్టులు విప్పాను. డబ్బాను కౌగిలించుకుని మోసుకుపోతుంటే మా ఆవిడ అడ్డం వచ్చింది. "గిప్పుడెందుకు ఎత్తుతున్నరు దాన్ని? నడుం పట్టుకుంటె నేను జండూబామ్ రుద్ద!" ఆవిడను దాటుకుని, కొత్త మూలలో బల్ల కింద దాన్ని ప్రతిష్ఠించి, కంప్యూటర్ వైరు తగిలించాను. చిట్టి వచ్చేసరికి ఎర్రబల్బు వెలుగుతోంది. "ఇగ ఏం ఫికర్ లేదు, ఆడు బిడ్డా" అన్నాను.

మా వియ్యంకుడితో సహా అందరం గదిలోనే చేరాం. ఆట ఏమీ అర్థం కాకపోయినా నేను చిట్టి వెనకే కుర్చీ వేసుకున్నాను. అవతలివాళ్లు ఒక్కసారిగా మీద పడ్డారు. ఫ్యాన్లు మోగాయి. చిట్టి వేళ్లు మిడతల్లా ఎగురుతున్నాయి. నా చూపు అలవాటుగా నా డబ్బా మీదికి పోయింది. ముల్లు కిందికి జారింది. టక్ మంది. ఆ తర్వాత, సరిగ్గా ఆ తర్వాత, తెర నల్లబడింది.

ఇంతకాలం హాల్లోంచి విన్నవాణ్నేగాని పక్కనుండి చూడలేదు. తెర నల్లబడితే డబ్బా పట్టుకున్నదనుకున్నాను. కాదు, డబ్బా టక్ మంటేనే తెర నల్లబడుతోంది. పుస్తకాలు అక్కర్లేదు, ఆ తీగ చుట్టిన వేళ్లకు అర్థమైపోయింది. అది ఒక టీవీకోసం చుట్టిన తీగ. ఈ కంప్యూటర్ ఆకలిగొని ఒక్కసారిగా లాగితే అది ఇవ్వలేక, ముల్లు జారి, రిలే వేరే దారికి గెంతుతోంది. గెంతే ఆ రెప్పపాటులో కరెంటు తెగుతోంది. ఆనాటి టీవీ, ఫ్రిజ్ ఆ రెప్పపాటును పట్టించుకునేవి కావు. ఇది పట్టించుకుంటోంది.

"అక్కా! ఉన్నవా? అక్కా!" చిట్టి చెవి డిప్పల్లోంచి కెప్టెన్ కేకలు బయటికి వినిపిస్తున్నాయి. చిట్టి చేతులు గాలిలో అలాగే ఆగిపోయాయి. నేను కుర్చీలోంచి జారి మోకాళ్ల మీద బల్ల కిందికి దూరాను. (లేవడం ఎలా అన్న ఆలోచన తర్వాత వచ్చింది.) నా డబ్బాలోంచి ప్లగ్గు పీకి గోడకు గుచ్చాను. "ఇప్పుడు పెట్టు బిడ్డా!" కంప్యూటర్ లేచింది. మిగతా నలుగురూ ఎలాగో నిలదొక్కుకుని ఉన్నారట, చిట్టి వెళ్లి వాళ్లతో కలిసింది. ఆ తర్వాత ఏం జరిగిందో బల్ల కింద ఉన్న నేను చూడలేదు. పైన అరుపులు విన్నాను, అంతే. చివర్లో కెప్టెన్ గొంతు వినిపించింది: "మాయమైనవ్, గని వాపస్ వచ్చినవ్ అక్కా! నీ జాగ నీదే!"

డబ్బాను ఈడ్చుకుంటూ నేను బయటికి పాకి, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేసరికి, మా వియ్యంకుడు నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నారు.

"ఈశాన్యంలో బరువు పెట్టొద్దని చెప్పానా లేదా బావగారూ? చూశారుగా! పెట్టగానే ఆగింది, తీయగానే నడిచింది!"

అందరూ నా వైపు చూశారు. జవాబు నా దగ్గర ఉంది. ఒక్క వాక్యం చాలు, ఆయన దిక్సూచి ఆయన జేబులోకే పోయేది. కాని ఆ వాక్యం మొదలుపెట్టాలంటే, ఇన్నాళ్లూ చిట్టిని మ్యాచ్ మధ్యలోంచి ఈడ్చిపారేసింది ఒళ్లో ఉన్న ఈ డబ్బానే అనాలి. డబ్బా ఇంకా వెచ్చగా ఉంది.

"అవును బావగారూ" అన్నాను. "బరువే."

చిట్టి ప్లగ్గు వంక చూసింది, డబ్బా వంక చూసింది, నా వంక చూసింది. ఇంజనీరింగ్ చదువుతున్న పిల్ల కదా, ఫీజు పూర్తిగా వృథా కాలేదనిపించింది. సాయంత్రం బాల్కనీలోకి చాయ్ తెచ్చి, "బరువేనా తాతా?" అంది. "బరువే" అన్నాను. "మస్తు బరువున్నది తియ్" అని, నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయింది. ఆ రహస్యం అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెబుతున్నది నేనే.

మా వియ్యంకుడికి ఇప్పుడు వాస్తులో మంచి పేరు వచ్చింది. అనుమానించేవాళ్లను సరాసరి మా ఇంటికే తీసుకొస్తారు. "హేతువాదండీ మా బావగారు! ఆయన్నే అడగండి" అంటారు. నేను తలూపుతాను. తలూపిన ప్రతిసారీ, షెడ్డు వాకిట్లో చొక్కా చేతులు మడిచి దిక్కులతో పోట్లాడిన ఆ కుర్రవాడు నన్ను ఎగాదిగా చూస్తాడు. చూడనీ. ఆ పెట్టె మొదటిసారి టక్ మన్నప్పుడు వాడి ముఖం ఎలా వెలిగిందో నాకు తెలుసు.

డబ్బా ఇప్పుడు బాల్కనీలో ఉంది, నైరుతి మూలన. (బరువులు నైరుతిలో ఉండాలట.) దానికి ఒక్క బల్బు తగిలించి, ఆ వెలుగులో పేపరు చదువుకుంటాను. ఇప్పటి కరెంటు ఎగుడుదిగుడు లేకుండా వస్తుంది, దానికి సరిచేయవలసింది ఏమీ లేదు. అయినా సాయంత్రం దీపాలు పెట్టే వేళకు, పాత అలవాటేమో, ఒక్కసారి టక్ మంటుంది. నేను పేపరు దించి అటు చూస్తాను. పెట్టుకున్నాను ఉస్తాద్, నేనే పెట్టుకున్నాను.